పైకి పెట్టిన కాగితం

ఆ రోజుల్లో కలకత్తా ఓడరేవు పక్కన మా గార్డెన్ రీచ్‌లో ఇంగ్లీషు రానివాళ్లు సుఖంగా ఉండేవారు. "నాకు రాదు బాబూ" అని పక్కవాణ్ణి అడిగి పని జరుపుకునేవారు. బాగా వచ్చినవాళ్లకు ఎవర్నీ అడిగే అవసరమే ఉండేది కాదు. కష్టాలన్నీ మధ్యలో ఉన్న నాలాంటివాళ్లవే. ఇంగ్లీషు వచ్చన్న పేరు వచ్చేసింది, ఇంగ్లీషు మాత్రం ఇంకా దారిలోనే ఉంది. మా నాన్న డాక్‌లో కళాసీ, ఓడల దగ్గర తాళ్లు లాగి బరువులెత్తే పని. మేమున్న లైను ఇళ్లల్లో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్లను నేనే. నాలుగో తరగతి దాకా తెలుగు బడి, ఆ తర్వాత హిందీ స్కూలు, వీధిలో బెంగాలీ, కాలేజీలో ఇంగ్లీషు. ఇలా ఏ భాషలోనూ ఫెయిలవకుండా, ఏ భాషా పూర్తిగా రాకుండా బి.ఎ. అయిపోయింది. లైనులో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా, మందు చీటీ అయినా సరే, మా గుమ్మంలోకే వచ్చేది. నేను గంభీరంగా చదివి, అర్థమైన రెండు ముక్కలకు అర్థం కాని నాలుగు ముక్కలు సొంతంగా కలిపి చెప్పేదాన్ని. (ఎవరికీ ప్రాణం మీదకు రాలేదు. అది మా లైను వాళ్ల ఆరోగ్యం గొప్పతనం.)

నా ఇంగ్లీషుకు గురువు మా మావయ్య, అంటే అమ్మకు తమ్ముడు. వాట్‌గంజ్‌లో ఉండేవాడు. ఓడలోంచి దిగే బస్తాలు చూసి చీటీల మీద గీతలు గీసే టాలీ గుమాస్తా. ప్రతి ఆదివారం చేపలు పట్టుకుని మా ఇంటికొచ్చి, అమ్మ వాటిని తోముతున్నంతసేపూ నాకు పాఠం చెప్పేవాడు. ఇంగ్లీషులో రెండు చిన్న మాటలు అతుక్కుని ఒక పెద్ద అర్థం ఇస్తాయి చూడండి, వాటి మీద ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది.

"ఇంగిలీసు పెద్ద యిద్దేటి కాదే గుంటా. రెండు మాటలు జంటగా వొచ్చినాయనుకో, దేనికదే ఇడదీసి అర్తం సెప్పుకో, మళ్లీ అతికించీ. లుక్ అంటే సూడు. అప్ అంటే పైకి. మరి లుక్ అప్ అంటే ఏటి?"

"పైకి సూడు."

"గివ్ అప్?"

"పైకి ఇవ్వు."

"మరదే. ఎంత తేలికో సూసినావా."

ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన ఇంగ్లీషంతా క్రేన్ల కింద నేర్చుకున్నది. క్రేను కింద నిలబడినప్పుడు 'అప్' అంటే పైకే, 'డౌన్' అంటే కిందకే. అందులో తేడా వస్తే మనుషులు పోతారు. సిద్ధాంతం మంచిదే. క్రేను లేని చోటికి దాన్ని మోసుకెళ్లింది నేను.

డిగ్రీ చేతికొచ్చిన ఏడాదికి డల్హౌసీ ఆఫీసుల పేటలో ఒక గిడ్డంగుల కంపెనీలో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. పేరు చెప్పను, ఆ కంపెనీ ఇప్పుడు లేదు కూడా. ఆరు నెలలు చూస్తారు, పని నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే నమస్కారం. మా లైనులోంచి ఒక ఆడపిల్ల చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని, డల్హౌసీ బస్సెక్కడం అదే మొదలు. మొదటి రోజు బస్టాపు దాకా పదకొండుమంది నాతో వచ్చారు. కండక్టరు అందరూ ఎక్కుతారనుకుని బస్సు చాలాసేపు ఆపాడు.

ఆఫీసులో ఎవర్నీ అసలు పేరుతో పిలిచేవారు కాదు. మా మేనేజరు ఎప్పుడూ నోట్లో పైపుతో ఉండేవాడు కనక పైపు సాహెబ్. ఆ పైపులో పొగాకు నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడకుండా ఉండడానికి పెట్టుకునేవాడని అనుకునేవారు. హెడ్ క్లర్కును అక్కడి అలవాటు ప్రకారం బొడోబాబు అనేవారు. యూనియన్ సెక్రటరీని మైక్‌దా, అంటే మైకు అన్న, అనేవారు, ఆయన గొంతుకు మైకు అవసరం లేదు గనక. ఉదయం రాగానే బెంగాలీ పేపరు మొదటి అక్షరం నుంచి అచ్చువేసినవాడి చిరునామా దాకా చదివే ఒకాయన పేపర్‌దా. నా పక్క టేబుల్లో కూర్చునే ఆవిడ చీరల దిది, అంటే చీరల అక్క. ఆవిడ భర్త పనిచేసే జూట్ మిల్లు మూతపడి చాలాకాలమైంది. ఆవిడ టేబుల్ కింద ఒక మూట ఉండేది, అందులో నేత చీరలు. ఆడవాళ్ల మూల, ఫైళ్ల చాటున, పది నుంచి ఒంటిగంట దాకా ఆ మూట విప్పడం, కట్టడం జరిగేది. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. నాకు మొదటి రోజునే టీ ఇప్పించింది, టైపు మిషను రిబ్బను మార్చడం నేర్పింది, ఏ బాత్రూము గడియ పడదో చెప్పింది. ఆ ఊరి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇంతకంటే పెద్ద ఉపకారం ఎవరూ చేయలేరు.

చేరిన మూడో వారం, ఒక గురువారం, బొడోబాబు రాలేదు. కడుపు బాగాలేదని కబురొచ్చింది. (కలకత్తాలో కడుపు బాగాలేకపోవడాన్ని రోగంలో లెక్కవేయరు. 'ఏం తిన్నావు' అని ఒకరు మొదలుపెడితే పూటంతా గడిచే కబుర్లకు అది ముడిసరుకు.) ఆయన లేకపోవడంతో, ఆయన దగ్గరకు వెళ్లాల్సిన ఒక ఫైలు నేరుగా నా టేబుల్ మీదకు వచ్చింది. అట్ట మీద ఎర్ర సిరాతో 'కాన్ఫిడెన్షియల్' అని ఉంది. లోపల పైపు సాహెబ్ చేతిరాతలో ఒక పేజీ, అడుగున ఒక వాక్యం: ప్లీజ్ టైప్ అండ్ పుట్ అప్ బై నూన్.

టైపు చేశాను. టైపు చేసేవాళ్ల కళ్లు అక్షరాలను చూస్తాయి గానీ అర్థాన్ని చూడవు. అయినా కొంచెం కొంచెం తెలుస్తూనే ఉంది. నలుగురు ఉద్యోగుల పేర్లు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో వాక్యం. ఒకరు పదకొండు గంటల వరకు వార్తాపత్రికా పఠనంలో నిమగ్నులై ఉంటారు. ఒకరు భోజనానంతరం విశ్రాంతికి లోనవుతారు. ఒకరు కార్యాలయ వేళల్లో స్వంత వస్త్ర వ్యాపారం నిర్వహిస్తున్నారు. ఒకరు జీతాల రోజున తప్ప స్పష్టంగా కానరారు. ఈ నలుగురినీ నది ఒడ్డున ఉన్న గిడ్డంగికి బదిలీ చేయాలని ప్రతిపాదన. పైపు సాహెబ్ ఇంగ్లీషు అంత ఉన్నతంగా ఉండేది. వస్త్ర వ్యాపారం అన్నాక నా కళ్ల ముందు ఎవరో తెల్ల పంచె సేఠ్ కనబడ్డాడు గానీ, పక్క టేబుల్ కింద మూట కనబడలేదు. పేర్లా, అవి అసలు పేర్లు. నేను ఆ ఆఫీసులో ఎరిగినవాళ్లంతా దాదాలు, దిదిలు. ఆ నలుగురూ వేరే ఏదో గిడ్డంగిలో పనిదొంగలు అయివుంటారనుకున్నాను.

ఇక మిగిలింది పుట్ అప్. మావయ్య చెప్పినట్టే విడదీశాను. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైకి. పైకి పెట్టాలి. ఎక్కడి పైకి అన్నదే ప్రశ్న. గదిలో అన్నిటికంటే పైన ఉన్నది బీరువా. దాని మీద ఎప్పటివో ఫైళ్లు దుమ్ము కప్పుకుని పడి ఉన్నాయి. ఇంత శ్రద్ధగా రాసిన కాగితాన్ని అక్కడ పెడితే ఎవరు చూస్తారు, పెట్టమన్నవాడికి ఏం లాభం అని ఆలోచించాను. (ఆలోచించకుండా చేశానని తర్వాత అందరూ అన్నారు. అది అన్యాయం. అంత ఆలోచన నేను బి.ఎ. పరీక్షలో కూడా చేయలేదు.) అప్పుడు వరండాలో నోటీసు బోర్డు గుర్తొచ్చింది. అదీ పైనే ఉంది. పైగా మధ్యాహ్నం లోపల అన్నాడు, అంటే టీకి లేచినవాళ్లు చూడాలనే కదా. కాన్ఫిడెన్షియల్ అన్నది అట్ట మీద ఉంది కాబట్టి అట్టకు వర్తిస్తుందని, అట్టను జాగ్రత్తగా సొరుగులో పెట్టి తాళం వేశాను. పక్కనే చీరల దిది ఉంది. "దిది, పుట్ అప్ అంటే ఏమిటి" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. బస్టాపు దాకా పదకొండుమంది వచ్చిన పిల్ల అలా ఎలా అడుగుతుంది? స్టూలెక్కి, నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి, వంకర లేకుండా సరిచేసి దిగాను.

దాన్ని ముందుగా చూసింది పేపర్‌దా. అప్పటికి పదకొండున్నర అయింది, పేపరు పూర్తయింది, చదవడానికి ఇంకేమీ లేదు. ఆయన బోర్డు ముందు నిలబడ్డాడు. రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మూడోసారి చదివాడు. తర్వాత, అంతవరకు నేనెప్పుడూ చూడని వేగంతో మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్లాడు. పది నిమిషాల్లో మైక్‌దా వచ్చాడు, జీతాల రోజు కాకపోయినా చాలా స్పష్టంగా కనిపిస్తూ. వెనక నలభైమంది.

"ఇది ఎవరు పెట్టారు?" అన్నాడు. వరండా చివర పావురాలు లేచిపోయాయి.

అడిగితే చెప్పాలి కదా. "నేనే దాదా" అన్నాను.

ఆయన జనంలోంచి నా దగ్గరకు వచ్చాడు. చెల్లెలినన్నట్టు నా తల మీద చెయ్యి పెట్టాడు. "బోన్, ఇరవై ఏళ్లు యూనియన్ క్లాసులు విన్నవాళ్లకు లేని ధైర్యం ఇది. యజమాని రహస్యాన్ని నువ్వు జనం ముందు పెట్టావు." నలభైమందీ నా వైపు చూశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడు గంభీరంగా ఉండడం నాకు లైనులో అలవాటైన పనే గనక, గంభీరంగా నిలబడ్డాను. దాంతో నమ్మకం ఇంకా గట్టిపడింది.

తర్వాత జరిగింది ఆ కాలంలో ఆ ఊళ్లో ఏ ఆఫీసులోనైనా జరిగేదే, ఘెరావ్. పైపు సాహెబ్ గది చుట్టూ జనం కూర్చున్నారు. బదిలీలు "చొల్బే నా, చొల్బే నా", అంటే చెల్లవు, చెల్లవు. ఇంతలో కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, నినాదాలకు చెమట పట్టింది. ఒంటిగంటకు టిఫిన్ విరామం ప్రకటించారు. లోపల ఉన్నాయన కూడా మనిషే కదా అని, ఘెరావ్ చేసినవాళ్లే ఆయనకు మరమరాలు, వేడి వంకాయ బజ్జీలు, టీ పంపించారు. గ్లాసు వెనక్కి వచ్చాక మళ్లీ నినాదాలు. ఐదు దాటగానే సబర్బన్ రైళ్ల వేళయింది. ఉద్యమం రేపటికి కొనసాగుతుందని మైక్‌దా చెప్పడం, జనం సంచులు సర్దుకోవడం ఒకేసారి జరిగాయి.

కానీ మధ్యాహ్నం రెండింటికి, టైపు చేసిన ఏదో కాగితం ఇవ్వడానికి తలుపు దగ్గరకు వెళ్లినప్పుడు, లోపల్నుంచి పైపు సాహెబ్ మాటలు వినపడ్డాయి. ఫోనులో ఎవరితోనో చెబుతున్నాడు. "పుట్ అప్ చేయమన్నాను. నా సంతకానికి పుట్ అప్ చేయమన్నాను. గోడకు కొట్టమనలేదు."

సంతకానికి పుట్ అప్. అంటే మళ్లీ ఆయన ముందు పెట్టడం. పైకి కాదు, బీరువా మీదకు కాదు, గోడ మీదకు అసలే కాదు. వెనక్కి తిరిగి నా సీటుకు వచ్చేసరికి చీరల దిది మూట కడుతోంది. ముడి మీద ముడి వేస్తోంది. నా వైపు చూడకుండానే అంది: "నా పూర్తి పేరు ఇంత అందంగా టైపు చేయగా చూడడం ఇదే మొదటిసారి."

అప్పుడు గానీ వస్త్ర వ్యాపారం ఎవరిదో నాకు తెలియలేదు. అందరికీ తెలిసిన విషయమే. కానీ అందరూ తెలియనట్టుండడం వేరు, గోడ మీద నాలుగు పిన్నుల మధ్య చదవడం వేరు. మిగతా ముగ్గురూ ఆ రోజు వీరులయ్యారు. నిద్రపోయే ఆయన కూడా ఛాతీ విరుచుకుని తిరిగాడు. దిదికి మాత్రం, కింది అంతస్తు వాళ్లు మెట్ల మీద ఆపి "మంచి చీరలున్నాయట కదా" అని నవ్వుతూ అడిగే పరిస్థితి వచ్చింది. సాయంత్రం ఆవిడ మూట చంకన పెట్టుకుని, నాతో ఒక్క మాట లేకుండా వెళ్లిపోయింది. అలా వెళ్లడం ఆ మూడు వారాల్లో అదే మొదలు.

ఇంట్లో ఆ సాయంత్రం మావయ్యను పిలిపించారు. ఆయన వచ్చి అంతా విని, తొడ మీద చరిచాడు. "పైకెట్టమన్నాడు, పైకెట్టినావు. ఇందల తప్పేటి? ఎక్కడెట్టాలో ఆడు సెప్పాల గదా. సెప్పకపోడం ఆడి తప్పు."

"ఆ యూనియనోళ్లు నన్ను మెచ్చుకుంటన్నారు మావయ్యా. ఊరుకుంటే ఉజ్జోగానికి బయం లేదట. నిజం సెప్తే ఇంగిలీసు రాదని తేలిపోద్ది. అప్పుడు తీసేస్తారు."

"మరింకేటి, ఊరుకో. నోరు మూసుకోడానికి కూడా బి.ఎ. కావాలేటి?"

మా నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గోడకు జారబడి కాళ్లు చాపుకుని వింటున్నాడు. అప్పుడన్నాడు: "సేతిలోంచి తాడు జారిందనుకో తల్లీ, కేక నువ్వే ముందెయ్యాల. జారిందని తెలిసిందానివి నువ్వొక్కదానివే గదా. కేకేస్తే కింద ఉన్నోడు తప్పుకుంటాడు. సిగ్గుపడి ఊరుకున్నావా, ఆడి మీద పడతాది."

మావయ్య లేచి చెప్పులేసుకున్నాడు. డాక్ మనుషులకు తాడు మాట వచ్చాక వేరే మాట ఉండదు.

మర్నాడు పది కాకముందే పైపు సాహెబ్ గదిలోకి వెళ్లాను. మైక్‌దా జనం ఇంకా రైళ్లలోనే ఉన్నారు. నిలబడి మొత్తం చెప్పాను, మావయ్య సిద్ధాంతంతో సహా. లుక్ అప్, గివ్ అప్ కూడా చెప్పాను. ఆయన నోట్లోంచి పైపు తీసి టేబుల్ మీద పెట్టాడు. అలా తీయడం అరుదు.

"నువ్వు యూనియన్ మనిషివి కాదా?"

"కాదు సర్. నాకు ఇంగ్లీషు సరిగా రాదు సర్."

ఆ వాక్యం జీవితంలో మొదటిసారి బయటికన్నాను. అనుకున్నంత బరువుగా లేదు.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంటర్వ్యూలో నిన్ను, వేర్ ఆర్ యూ పుటింగ్ అప్ అని అడిగాను. గుర్తుందా? ఏం చెప్పావు?"

గుర్తుంది. ఆ రోజు కుంభవృష్టి. తడిసిన గొడుగుతో లోపలికి రావడం మర్యాద కాదని మెట్ల దగ్గర పెట్టి వచ్చాను. ఆయన అది ఎక్కడ పెట్టావని అడుగుతున్నాడనుకుని "బయట సర్, మెట్ల పక్కన" అన్నాను. ఒంటరిగానా అని అడిగితే, "లేదు సర్, చాలా ఉన్నాయి అక్కడ" అన్నాను. వానకు ఇబ్బంది కదా అని ఆయన జాలిగా అంటే, "ముందే తడిసిపోయింది సర్" అన్నాను.

"ఎక్కడ బస చేస్తున్నావని అడిగాను" అన్నాడు పైపు సాహెబ్ నెమ్మదిగా. "ఈ పిల్ల మెట్ల పక్కన పడుకుంటోందని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నువ్వు చేరిన వారంలో నీ టేబుల్ మీద దుప్పటి పెట్టించింది ఆవిడే."

ఆ దుప్పటి కొత్త ఉద్యోగులందరికీ కంపెనీ ఇచ్చేదనుకున్నాను. అప్పటికే మా నాన్న కప్పుకుంటున్నాడు. అది తిరిగి తెచ్చిస్తానని చెప్పాను. వద్దని చేత్తో సైగ చేసి, ఆయన కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. కోపమనుకున్నాను. కాసేపటికి గానీ నవ్వని తెలియలేదు.

తర్వాత ఆయన ఒక కాగితం తీసుకుని నాకు పుట్ అప్ పాఠం చెప్పాడు. గొడుగు తెరిచినా పుట్ అప్, చుట్టాన్ని ఇంట్లో ఉంచుకున్నా పుట్ అప్, ఎన్నికల్లో మనిషిని నిలబెట్టినా, సరుకు ధర పెంచినా, పందిరి వేసినా అదే. ఫైలును పై అధికారికి సమర్పించడం మాత్రం మన దేశపు ఆఫీసుల్లో పుట్టిన పుట్ అప్, లండన్‌లో అడిగితే వాళ్లూ నీలాగే గోడ వెతుక్కుంటారు అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ప్రాణం కొంత కుదుటపడింది. చివర్లో విత్ అని ఇంకో చిన్న మాట చేరితే భరించడం అవుతుందట. "ఈ కంపెనీలో నేను ఎక్కువగా చేసేది అదే" అని పైపు మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. ఆ బదిలీల ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నట్టు ఆ మధ్యాహ్నమే చెప్పాడు. కోపంలో రాసిన కాగితమట, సంతకం దాకా వస్తే తానే చించేసేవాడినేమో అన్నాడు. అది నిజమో, నా మీద దయో, ఇప్పటికీ తెలియదు.

నాన్న చెప్పిన కేక సగం మందికే వినపడింది. అందుకని మైక్‌దా దగ్గరకు కూడా వెళ్లి, దాదా, అది ధైర్యం కాదు, ఇంగ్లీషు తప్పు అని చెప్పాను. ఆయన తల ఒక పక్కకు వంచి విన్నాడు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. గొంతు తగ్గించాడు. (ఆయన గొంతు తగ్గిస్తే మామూలు మనిషి గొంతంత ఉంటుంది.)

"నీతో ఇలా చెప్పమన్నది మేనేజరే కదా?"

"కాదు దాదా. నిజంగా నాకు అర్థం తెలియదు."

"బి.ఎ. పాసైన అమ్మాయికి పుట్ అప్ తెలియదంటే నేను నమ్మాలా? భొయ్ పేయో నా, బోన్. భయపడకు. మేమున్నాం."

ఎంత చెప్పినా వినలేదు. నేను ఒత్తిడికి లొంగి అలా చెబుతున్నానని కింది అంతస్తులో ప్రచారమైంది. నా మీద గౌరవం ఇంకొంచెం పెరిగింది. అబద్ధం ఆడితే పట్టుబడతారని పెద్దలు చెప్పారు గానీ, నిజం చెప్పినా పట్టించుకోరని ఎవరూ చెప్పలేదు.

తోటివాళ్లలో నమ్మింది ఒక్క చీరల దిదే. టిఫిన్ వేళ ఆవిడ ముందు కూర్చుని చెప్పాను. ఆవిడ రొట్టె ముక్క తుంచుతూ, "తెలుసు" అంది. "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీ పక్కన కూర్చుంటాను. నీకు ఏ మాట వచ్చో, ఏ మాట దగ్గర టైపు మిషను ఆగుతుందో నాకు వినపడుతుంది. నాకు కోపం కాగితం మీద కాదు. నేను పక్కనే ఉండగా అడగలేదు చూడు, అది."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, ఓదార్చనూ లేదు. రొట్టె పూర్తిచేసి డబ్బా మూత పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు పని మాటలు తప్ప మాట్లాడలేదు. మూట తేవడం మానేసింది. ఆఫీసులో ఆ మాట ఎత్తకపోయినా, మధ్యాహ్నాల్లో ఆవిడ వేళ్లు ఊరికే టేబుల్ అంచును సవరిస్తూ ఉండేవి, చీర మడతలను సవరించినట్టు.

ఒక శనివారం తెగించి అడిగాను: "దిది, ఆ మూట మా లైనుకు తెస్తారా? మా ఆడవాళ్లకు దుకాణాలకు వెళ్లి బెంగాలీలో బేరమాడడం రాదు." ఆవిడ నా ముఖంలోకి చూసింది, జాలి ఉందేమోనని వెతికినట్టు. నిజంగా రాదని మా అమ్మను చూపిస్తే నమ్ముతారని చెప్పాను. ఆదివారం వచ్చింది. మా ఇంట్లో చాప మీద మూట విప్పింది. ఆవిడకు తెలుగు రాదు, మా వాళ్లకు బెంగాలీ వీధి వరకే. అయినా ఎర్ర అంచు చీర ఒకటి చేతిలో పట్టుకుని మా అమ్మ "ఏటమ్మా, ఒక్క ఉతుక్కే ఎలిసిపోద్దా" అని అడిగితే, దిది ఒక్క మాటా అర్థం కాకుండానే, చెంబెడు నీళ్లు తెప్పించి ఆ అంచును అందరి ముందూ తడిపి పిండి చూపించింది. రంగు పోలేదు. సాయంత్రానికి మూటలో రెండే మిగిలాయి. మావయ్య తెచ్చిన చేపల పులుసుతో అన్నం తిని, ఇందులో చింతపండు కొంచెం ఎక్కువైందని నాతో చెప్పింది. బాగుందంటోందని నేను మా అమ్మకు చెప్పాను. (అనువాదంలో నా సొంత ముక్కలు కలపడం అప్పటికింకా పూర్తిగా మానలేదు.)

ఆ మరుసటి వారం ఇద్దరం కాలేజ్ స్ట్రీట్‌కు వెళ్లి, పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొన్నాం. ఆఫీసులో రెండు టేబుళ్ల మధ్య దాన్ని పెట్టుకున్నాం. 'పుట్' అన్న మాటకే మూడు పేజీలున్నాయి. దిది ఆ పేజీలు తిప్పి చూసి, "ఇన్ని అర్థాలున్న మాటతో ఉద్యోగం చేయమంటే ఎవరు చేస్తారు, ఈ ఇంగ్లీషువాళ్లనే ఘెరావ్ చేయాలి" అంది. ఆ సంఘటన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఆరు నెలలకు నన్ను ఉంచుకుంటున్నట్టు కాగితం వచ్చింది. ఇంటికి తీసుకెళ్తే, ఎప్పటిలాగే లైనంతా మా గుమ్మంలో చేరింది. చదివి వినిపించే గౌరవం మావయ్యది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ప్రతి మాటా బస్తా దింపినంత జాగ్రత్తగా చదివాడు. కాగితం చివర కంపెనీ అందరికీ కొట్టించే ఒక వాక్యం ఉంది. మీరు ఇదే రీతిలో మంచి పనిని 'కీప్ అప్' చేయగలరని ఆశిస్తున్నాము అని. మావయ్య అక్కడ ఆగాడు. వేలితో ఆ రెండు మాటలనూ విడదీశాడు. నాకు కనిపిస్తూనే ఉంది. కీప్ అంటే ఉంచు. అప్ అంటే పైకి.

"బావా," అన్నాడు మా నాన్నతో. "గుంటని పైన ఉంచుతారట. పై ఆఫీసుల. పెమోసన్ ఇచ్చీసినారు."

మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మా నాన్న లేచి, చొక్కా కూడా వేసుకోకుండా, రసగుల్లాలకు పరిగెత్తాడు. మావయ్య ఆ వాక్యాన్ని కొత్తగా వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చదివి వినిపించాడు, ప్రతిసారీ వేలితో విడదీసి, ప్రతిసారీ అతికించి. అప్పటికి నాకు ఆ మాటకు అర్థం కొనసాగించడమని తెలుసు. నిఘంటువులో ఏ పేజీలో ఉందో కూడా తెలుసు. ఎవరో ముసలమ్మ నా గడ్డం పట్టుకుని "నిజిమేనేటే గుంటా" అని అడిగింది. మావయ్య కాగితం మీదుగా నా వైపు చూశాడు. "నిజిమేనమ్మా" అన్నాను.

ప్రమోషన్ ఆ తర్వాత పదకొండేళ్లకు వచ్చింది. కబురు చెప్పడానికి వాట్‌గంజ్ వెళ్తే మావయ్య మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడు కొత్తగా సెప్తావేటే," అన్నాడు, "నానప్పుడే సదివి సెప్పినాను గదా." ఇంగ్లీషు వచ్చేశాక నేను చెప్పిన తప్పుడు అర్థాల్లో నాకు బాగా నచ్చింది ఆ గుమ్మంలో చెప్పిందే. ఆ ఒక్కసారి సరైన అర్థం చెప్పాలని ఆ రోజు నాకు అనిపించనందుకు, ఇప్పుడు తలుచుకుంటే నాలో నేనే నవ్వుకుంటాను.